అట్టముక్కకు సరిపోయిన కార్డు

రాళ్ళ మీద పేర్లు చెక్కే మేస్త్రికి టేపు మూడో చెయ్యి. మంచం కొన్నా, చెప్పులు కొన్నా ముందు అది బయటికి రావలసిందే. పెళ్ళికి ముందు తన ఎత్తు కూడా కళ్ళతోనే కొలిచేశాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటి మనిషికి షెడ్డు మూలన ఉన్న పాత కంప్యూటర్ కొరకరాని కొయ్య అయి కూర్చుంది. మామగారు బతికున్నన్నాళ్ళూ దాని మీదే అక్షరాలు గీసేవారు. మేస్త్రి వాటిని కాగితం మీద తీసి, రాతికి అంటించి, ఉలితో చెక్కేవాడు. మామగారు పోయి నెలయింది. ఆయన సమాధి రాతి మీద ఆయన గీసిన అక్షరాలే ఉండాలని భార్య పట్టు పట్టింది. శుక్రవారం రాయి నిలబెట్టాలి. సోమవారం కంప్యూటర్ వేస్తే తెర నిండా ఆకుపచ్చ చారలు వచ్చాయి. కాసేపటికి అవీ పోయాయి.

రిపేరు షాపాయన పెట్టె విప్పి చూశాడు.

"గ్రాఫిక్స్ కార్డు పోయింది మేస్త్రిగారూ. తెరకి బొమ్మ పంపేది అదే. ఇందులో కంప్యూటర్ని నడిపేది లైనక్స్, అదీ బాగా పాతది. కొత్తది వేసేద్దామంటే మీ మావగారి అక్షరాల ప్రోగ్రాం అందులో నడవదు."

"అయితే వద్దు. పాతదే ఉండనీ."

"అలాగైతే దానికి సరిపోయే కార్డు చూసుకోవాలి" అంటూ ఆయన వరసగా పేర్లూ నంబర్లూ చదివాడు. పెద్ద నంబరుది మంచిదా అంటే చెప్పలేమన్నాడు. పోనీ చిన్న నంబరుదా అంటే అదీ చెప్పలేమన్నాడు. మేస్త్రికి బుర్ర గిర్రున తిరిగింది. అన్నిట్లో ఒక్క మాటే అర్థమయింది: సరిపోవాలి. సరిపోవడమంటే ఆయన లెక్కలో కొలతే.

ఇంటికొచ్చి, పోయిన కార్డు ఊడదీసి, పొడవూ వెడల్పూ మందమూ కొలిచి, అట్టముక్కతో అచ్చు కోశాడు. మర్నాడు షాపుకి వెళ్తే ఓనరు ఎవరితోనో ఫోనులో ఉన్నాడు. కదిలిస్తే మళ్ళీ నంబర్లు చదువుతాడని భయపడి, మేస్త్రి తనే అద్దాల బీరువా ముందు నిలబడి ఒక్కో కార్డు మీదా అట్ట పెట్టి చూసుకున్నాడు. ఒకటి అతికినట్టు సరిపోయింది. ఓనరు ఫోను చెవి నుంచి తీయకుండానే పొట్లం కట్టి ఇచ్చాడు.

కార్డు టక్కున కూర్చుంది. తెర మీద నాలుగు వరసల తెల్ల అక్షరాలు వచ్చాయి. మేస్త్రి మీసం మీద చెయ్యి వేసేలోపే అంతా నల్లబడింది. ఆపి వేశాడు. మళ్ళీ నలుపే. నూలుపోగంత తేడా లేకుండా కూర్చున్న వస్తువు ఎందుకు పనిచెయ్యదో ఆయనకు ఎంతకీ అంతుపట్టలేదు. తప్పు తనదో, కార్డుదో, పోయిన మామగారిదో కూడా తేలలేదు.

బుధవారం సాయంత్రం షాపాయనే వచ్చి చూశాడు. అట్టముక్క చూసి నవ్వు ఆపుకున్నాడు.

"కార్డు బంగారంలా ఉందండీ. కానీ ఇది నిరుడు తయారైంది. మీ లైనక్స్ అంతకి తొమ్మిదేళ్ళ ముందుది. తన తర్వాత పుట్టినవాళ్ళని అదెలా గుర్తుపడుతుంది?"

"మరి కొలత సరిపోయిందిగా?" అన్నాడు మేస్త్రి, అయోమయంగా.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి ఉన్న భార్య లోపలికి వచ్చింది.

"ఏవండీ, పాత గోడలో ఓ రాయి పగిలిందనుకోండి. ఏం చేస్తారు?"

"ఆ కాలపు రాయే వెతుకుతాను. కొత్తది ఎంత కొలిచి చెక్కినా కలవదు కదా…" అంటూ మధ్యలో ఆగిపోయాడు. ముప్పై ఏళ్ళుగా కుర్రకారుకి తను చెబుతున్న మాటే అది.

గురువారం పొద్దున్నే షాపులో పాత సామాన్ల బుట్ట తిరగేయించాడు. దుమ్ము కొట్టుకుపోయిన కార్డొకటి దొరికింది.

"ఇది రెండు వేళ్ళు పొట్టి" అన్నాడు మేస్త్రి, అట్ట పక్కన పెట్టి.

"ఆ అట్ట ముందు అవతల పారేయండి బాబూ. దీన్ని మీ లైనక్స్ ఎరుగును."

ఎరిగింది. తెల్ల అక్షరాలు వచ్చాయి, పోయాయి, ఆ వెనకే నీలం తెర తేటగా వెలిగింది. భార్య కుర్చీ లాక్కుని కూర్చుని, తండ్రి గీసినవన్నీ ఒక్కొక్కటే తెరిచింది. చిట్టచివర్న ఉన్నదానిలో ఆయన సొంత పేరే ఉంది. పుట్టిన తేదీ కూడా గీసుకుని, రెండో తేదీకి మాత్రం చోటు వదిలారు. ఆ పక్కన చిన్నగా ఒక వాక్యం: "అల్లుడూ, దీన్ని కొలవక్కర్లేదు. నేను కొలిచాను."

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మేస్త్రి జేబులోంచి టేపు తీసి, కాసేపు చేతిలో తిప్పి, దాన్ని విప్పకుండానే కంప్యూటర్ పక్కన పెట్టాడు. తర్వాత ఉలి నూరుకోవడానికి బయటికి వెళ్ళాడు.