దానంతట అదే అంటుకోదు

నా భుజం మొదటిసారి కాలినప్పుడు నేను మూడో తరగతి. మా నాయన చిత్తూరు బెల్లం మండీలో కాటా వేసేవాడు. మాయమ్మ పొద్దున్నే మామిడితోటకు కూలికి పొయ్యేది. ఇంట్లో పెత్తనమంతా మా మేనత్తది. మొగుడు పోయినాక కొడుకును ఎత్తుకొని మా ఇంటికొచ్చేసింది.

ఆ పొద్దు నేను దోశెపిండి ఒలకబోసినాను. అత్త పెనం మీదుండే అట్లకాడ తీసి, నా జాకెట్టు చెయ్యి పైకి లాగి, భుజానికి ఆనించింది. నా అరుపుకు ఇరుగుపొరుగోళ్లు వచ్చేసినారు. వాళ్లు అడిగేలోపలే, పిల్ల ఉత్తినే కూచోనుంటే ఒంట్లోనుంచి మంట లేసిందనీ, గంగమ్మ కోపమనీ చెప్పేసింది. నోరు తెరిస్తే ఈ తూరి మొగానికి పెడతానని నా చెవిలో అనింది.

జనం నమ్మినారు. పసుపునీళ్లు, యాపాకులు తెచ్చేటోళ్లు. అత్త జుట్టు విరబోసుకొని నడింట్లో కూచుంటే ఆడోళ్లు ఆమె కాళ్లకు మొక్కేవాళ్లు. జనం పల్చబడినప్పుడల్లా నా ఒంటి మీద ఇంకో మంట లేచేది.

పుండు చీము పట్టినాక మాయమ్మ పోట్లాడి నన్ను తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకొనిపొయ్యింది. నాయన కూడా వచ్చినాడు. డాక్టరు వయసైన మనిషి. నాయన చెప్పిందంతా నవ్వకుండా విన్నాడు. కాలినప్పుడు ఏం తొడుక్కోనుండె అని అడిగినాడు. ఇదేనని మాయమ్మ నా జాకెట్టు చూపించింది. ఆయన జాకెట్టు చెయ్యిని అటూ ఇటూ తిప్పి చూసినాడు.

"ఒళ్లు కాలింది, మీదుండే గుడ్డ కాలలేదు. ఇదేం మంటప్పా?"

ఫారిన్‌లో కూడా మనుషులు వాళ్లంతట వాళ్లే కాలిపోతా ఉండారని పేపర్లో చదివినానని నాయన గొణిగినాడు.

"నేనూ చదివినాను. కాలినోళ్లను మాత్రం ఈ వార్డులోనే చూస్తా ఉండా. దీపమో, పొయ్యో, ఇంకొకరి చెయ్యో లేకుండా కాలి ఈడికొచ్చినోళ్లు ఇంతవరకూ ఒక్కరూ లేరు."

నన్ను వార్డులో పెట్టుకున్నాడు. తోడు మాయమ్మ తప్ప ఇంకెవురూ రాకూడదన్నాడు. ఆడ ఉన్నన్నాళ్లూ నా ఒంట్లోనుంచి ఒక్క మంటా లేవలేదు. పుండ్లు మానుతా వచ్చినాయి. ఒక పొద్దు మాయమ్మ గంజి తాపిస్తా, ఎవురు పాపా అని మెల్లగా అడిగింది. చెప్పేసినాను. ఆమె ఏడవలేదు. గంజి గిన్నె కింద పెట్టి, చానాసేపు నా చెయ్యి పట్టుకొని కూచునింది.

మాయమ్మ చెబితే నాయన నమ్మినాడు. అయినా, మొగుడు పొయ్యిన అక్కను యాడికి పంపించేదన్నాడు. జనాన్ని రావద్దన్నాడు, అంతే. అత్త మా ఇంట్లోనే ఉండిపొయ్యింది. ఆమె వడ్డించిన అన్నం తింటా, ఆమెను ఎట్ల కాల్చాలా అని ఆలోచిస్తా పెరిగినాను.

నేను కాలేజీలో చేరినాక అత్త కొడుక్కు సంబంధం కుదిరింది. పిల్ల తరపోళ్లు ఇల్లు చూసుకోను పుత్తూరునుంచి వచ్చినారు. అత్త పట్టుచీర కట్టుకొని, ఒకప్పుడు ఈ ఇంట్లో గంగమ్మ మంటగా వెలసిందని కథ ఎత్తుకుంది. నా పక్క చూపించి, ఈ పిల్ల ఒంట్లోనే అనింది.

నేను కాఫీ పళ్లెం కింద పెట్టినాను. పైట సర్దుకొని జాకెట్టు చెయ్యి పైకి లాగినాను. అట్లకాడ అంచు అచ్చు గుద్దినట్టు ఉండాది ఆడ.

"ఇది మా అత్త కాల్చిందమ్మా. నాకప్పుడు ఎనిమిదేండ్లు. మీ బిడ్డను ఈమె వంటింట్లోకి పంపించేముందు ఆలోచించుకోండి."

ఎవరూ కాఫీ తాగలేదు. నాయన తల వంచుకున్నాడు. మాయమ్మ వచ్చి నా పక్కన నిలబడింది.

ఆ సంబంధం పొయ్యింది. మాట మాత్రం చుట్టాలందరికీ పాకింది. బావకు తర్వాత కాళహస్తి పక్క పెండ్లయింది. ఆ కోడలు అత్తను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. మనవడిని ఎత్తుకుంటానని చేతులు చాస్తే, బిడ్డను లోపలికి తీసుకొనిపొయ్యేదంట. అది విన్నపొద్దు నాకు కడుపు చల్లబడింది. పెద్దావిడ గదమ్మా, జాలిపడు అని నాయన అడిగినాడు. పడలేదు.