కువైట్ బార్బెక్యూ హోటల్లో మా తమ్ముడి పెళ్లిచూపులు

నవంబరు నెల, రెండో శుక్రవారం. కువైట్.

హాజరైనవారు: నేను. నా తమ్ముడు సూరిబాబు, అహ్మదిలో ఒక కాంట్రాక్టు కంపెనీలో వెల్డర్. ఈశ్వరమ్మ, జాబ్రియాలో ఒక కువైటీ ఇంట్లో వంటమనిషి, స్వస్థలం రాయచోటి దగ్గర పల్లె. ఆమె అన్న ఓబులేసు, ఫర్వానియాలో ఉంటూ సామాన్ల వ్యాను నడుపుతాడు. ఇక ఫోనులో, కాకినాడ హాస్టల్ నుంచి మా తమ్ముడి కూతురు లావణ్య.

తమ్ముడి భార్య పోయి ఆరేళ్లయింది. ఈశ్వరమ్మ భర్త పెళ్లైన మూడో ఏటే పోయాడు, పిల్లలు లేరు. నేను పోస్టాఫీసు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక తమ్ముడిని చూద్దామని, నెల రోజులు ఉండేలా ఇక్కడికి వచ్చాను. వచ్చిన మొదటి వారంలోనే ఫర్వానియాలో ఒక తెలుగు కిరాణా కొట్లో ఓబులేసు పరిచయమయ్యాడు. మునక్కాయల ధర గురించి మొదలైన మాట చెల్లెలి దాకా వచ్చింది. మిగతాది నేను నడిపించాను. ఫోటోలు అటూ ఇటూ వెళ్లాయి. ఈశ్వరమ్మ ఒకే షరతు పెట్టింది: కలుసుకునే చోటు తను చెప్తుంది. చెప్పింది కూడా. సముద్రం రోడ్డు మీద ఉన్న అమెరికన్ బార్బెక్యూ హోటల్.

నేను ఆ మాట విన్నప్పటి నుంచి ఉత్సాహంగానే ఉన్నాను. దేశం కాని దేశంలో మరో దేశం వంట తినే అవకాశం అరవై తొమ్మిదో ఏట వస్తుందని అనుకోలేదు. అయితే ముందురోజు సాయంత్రం లావణ్య నాకు ఫోన్ చేసింది.

"పెదనాన్నా, నాన్న దేనికీ కాదనరు. ఇది మీరు తెచ్చిన సంబంధమని తలూపుతున్నారా, ఆయనకే కావాలనుందా? అది తేలితే నేను సరే అంటాను. తేలకపోతే నన్నడక్కండి."

తను కూడా వీడియోలో కూర్చుంటానంది. కూతురు ఒప్పుకోకపోతే సూరిబాబు అడుగు ముందుకు వెయ్యడు. కాబట్టి ఈ భోజనం మీద చాలా ఆధారపడి ఉంది.

ఉదయం పదిన్నరకు బయలుదేరాం. శుక్రవారం కంపెనీ బస్సులు ఉండవు. అహ్మది నుంచి ఫహాహీల్ దాకా టాక్సీలో వెళ్లి, అక్కడ సిటీ బస్సు ఎక్కాం. వెళ్లదలచినవారికి ఒక మాట: చిల్లర దగ్గర పెట్టుకోండి, కిటికీ పక్క సీటులో ఏసీ గాలి నేరుగా నెత్తిన కొడుతుంది, రుమాలు ఉంటే మంచిది. సూరిబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముడత పడుతుందని వెనక్కి ఆనకుండా కూర్చున్నాడు.

మా తెలుగు విని ముందు సీటులో ఆయన వెనక్కి తిరిగాడు. జగిత్యాల వైపు మనిషి, క్లీనింగ్ కంపెనీలో పని. ఎక్కడికని అడిగాడు. చెప్పాను.

"గా పొగ కూరకా? పోర్రి పోర్రి. నీళ్ల సీసా ఇక్కడ్నే కొనుక్కోర్రి, ఆడ నీళ్లకు సుత పైసలే" అని సలహా ఇచ్చి, పెళ్లికొడుకు ఎవరని అడిగాడు. నేను తమ్ముడిని చూపిస్తే, "గిదేంది బాపూ, పరీక్షకు పోతున్నట్టు కూసున్నడు" అన్నాడు. సూరిబాబు నవ్వాడు. ఏసీ ఎక్కువగా ఉంది, సీటు మారుదామా అంటే సరే అన్నాడు. మారాక ఎండ పడుతోంది, మళ్లీ పాత చోటే నయమంటే దానికీ సరే అన్నాడు. లావణ్య మాట అప్పుడు నాకు గుర్తొచ్చింది.

పన్నెండు దాటాక దిగాం. జుమ్మా నమాజు ముగియకముందు రోడ్లు ఖాళీగా ఉన్నాయి. సముద్రపు గాలి హాయిగా ఉంది. హోటల్ ఎక్కడని ఎవరినీ అడగక్కర్లేదు, వాసన చెప్తుంది. మామూలు కబాబుల వాసన కాదది. దుంగలు నెమ్మదిగా మగ్గుతున్న వాసన, అందులో మిరియాలు, కొంచెం తీపి. తలుపు పక్కనే ఓక్ చెట్టు కట్టెలు గోడవారగా పేర్చి ఉన్నాయి. లోపల అద్దం వెనక పెద్ద ఇనుప డ్రమ్ములు. మంట ఒక కొసన ఉంటుంది, మాంసం రెండో కొసన ఉంటుంది. మాంసానికి మంట తగలదు, పొగా వేడీ మాత్రమే తగులుతాయి. అలా గంటల తరబడి ఉంచుతారు. నేను అద్దానికి ముక్కు ఆనించి చూస్తుంటే లోపలి కుర్రాడు చెయ్యి ఊపాడు.

ఓబులేసు, ఈశ్వరమ్మ మాకంటే ముందే వచ్చి బయట నిలబడి ఉన్నారు. ఆమె ముదురాకుపచ్చ చీర కట్టుకుంది. ఫోటోలో కన్నా చిన్నగా, ఫోటోలో కన్నా చురుగ్గా ఉంది. ఈ హోటలే ఎందుకని అడిగాను. వాళ్ల మామా, అంటే ఆ కువైటీ ఇంటి యజమానురాలు, ఆమె కొడుకులు వారం వారం ఇక్కడి నుంచి పార్సిల్ తెప్పించుకుంటారట. డబ్బాలు విప్పి పళ్లాల్లో సర్దేది ఈమె. వాసన తెలుసు, రుచి తెలియదు. ఎప్పటికైనా ఇక్కడ కుర్చీలో కూర్చుని వేడిగా తినాలని అనుకుందట. సాయంత్రం నాలుగింటికల్లా ఇంటికి చేరాలని మామా చెప్పిందట.

లోపలికి వెళ్లబోతుంటే ఓబులేసు నన్ను పక్కకు తీసుకెళ్లాడు.

"పెద్దాయనా, సంబంధం కుదరకముందే ఆడోళ్ల తట్టు అన్నం తినగూడదంటారు గదా. మల్ల ఈడ తినొచ్చునా?"

మా వైపూ ఆ పట్టింపు ఉంది. చూపులకు వెళ్తే ఫలహారంతో సరి, భోజనం చెయ్యరు. కానీ ఇది వాళ్ల ఇల్లూ కాదు, మా ఇల్లూ కాదు, ఎవరి వాటా వాళ్లు ఇచ్చుకుంటాం కనుక దోషం లేదని తీర్పు చెప్పాను. ఆ పొగ వాసనలో ఇంకో తీర్పు రావడం కష్టం. ఓబులేసు కూడా వెంటనే ఒప్పుకున్నాడు.

కిటికీ పక్క బల్ల దొరికింది. లావణ్యకు వీడియో కాల్ కలిపి, ఫోనును సాసు సీసాకు ఆనించి నిలబెట్టాం. అమ్మాయి నమస్కారం చేసి, "మీరు కానివ్వండి, నేను చూస్తూ ఉంటాను" అంది. నేపాలీ వెయిటర్ వచ్చాడు, హిందీలో మాట్లాడాడు. అమెరికా దక్షిణాదిన ఈ వంటకు పందిమాంసం ముఖ్యమట, కువైట్‌లో అది ఉండదు. ఇక్కడ ఎక్కువమంది పశుమాంసం కోసం వస్తారు. మేం అది తినం కనుక కోడి, గొర్రె, టర్కీ మిగిలాయి. బరువు లెక్కన ఇస్తారు. పక్కన మొక్కజొన్న రొట్టె, తీపి బీన్స్, క్యాబేజీ తురుము.

నేను ముందే మెనూ చదివి పెట్టుకున్నాను. నాకు కోడి చెప్పాను. ఓబులేసుకీ కోడి చెప్పాను. ఈశ్వరమ్మ తనకు అర కోడి అని తనే చెప్పింది. వెయిటర్ సూరిబాబు వైపు తిరిగాడు. "వాడు ఏదైనా తింటాడు, కోడీ బీన్సూ రాసుకో" అన్నాను.

ఈశ్వరమ్మ మెనూ మూసింది.

"ఆయప్పకేం కావాల్నో ఆయప్పనే చెప్పనీండి సార్."

మాట మెత్తగానే ఉంది. తర్వాత సూరిబాబు వైపు చూస్తూ కూర్చుంది. వెయిటర్ నిలబడి ఉన్నాడు. ఓబులేసు నీళ్లు తాగాడు. నేను రెండుసార్లు నోరు తెరిచి మూశాను. సూరిబాబు మెనూ ఈ పేజీ నుంచి ఆ పేజీకి, ఆ పేజీ నుంచి ఈ పేజీకి తిప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి. వెయిటర్ మళ్లీ వస్తానని వెళ్లబోతే ఆమె చెయ్యి చూపి ఆపింది.

"గొర్రె పక్కటెముకలు" అన్నాడు చివరికి. "కారంగా ఉండే సాసుతో. మొక్కజొన్న రొట్టె. బీన్స్ వద్దు."

ఫోనులో లావణ్య మొహం దగ్గరికొచ్చింది. "నాన్న బీన్స్ వద్దన్నారా?"

"క్యాంపు మెస్సులో పదకొండేళ్ల నుంచి అవేనమ్మా" అన్నాడు.

పావుగంటలో వచ్చింది. పళ్లాలు ఉండవు. గోధుమరంగు కాగితం పరిచిన ఇనుప పళ్లేరం ఒకటి బల్ల మధ్యన పెడతారు, అందరూ అందులోంచే తీసుకోవాలి. పైపొర నల్లగా, మాడినట్టు కనిపిస్తుంది, నోట్లో పెట్టుకుంటే చేదు ఉండదు. గొర్రె ఎముకను పట్టుకుని లాగితే మాంసం ఎముకను వదిలేసి వస్తుంది. మొక్కజొన్న రొట్టె మా దిబ్బరొట్టెకు మేనత్త కూతురిలా ఉంది, కాకపోతే తీపి. సాసుల్లో ఒకటి బెల్లం పులుసును గుర్తు చేసింది. నేను చేతులు కడుక్కుని వేళ్లతోనే తిన్నాను. ఇక్కడ అందరూ అలాగే తింటున్నారు. ఇన్ని తునకలకు పక్కన సంగటి ముద్ద లేకపోవడం అన్యాయమని ఓబులేసు అన్నాడు.

అంతలో ఈశ్వరమ్మ కోడి తొడ విరిచింది. ఎముక పక్కన మాంసం గులాబీ రంగులో ఉంది. ఆమె ముక్క కింద పెట్టేసింది.

"ఇది ఉడకలేదు. పచ్చిగుండాది. మల్లా కాల్చుకు రమ్మనండి."

నేనూ నా ముక్క విరిచి చూశాను. అదే రంగు. పచ్చిదే అన్నాను. ఓబులేసు అప్పటికి సగం తిన్నాడు, నమలడం ఆపాడు. ముగ్గురం ఒక మాట మీద ఉన్నాం. నేను వెయిటర్ కోసం చెయ్యి ఎత్తాను.

"దించు అన్నయ్యా" అన్నాడు సూరిబాబు. "ఉడికింది. ఆ రంగు పొగది."

"నేను దినామూ కోళ్లు వండుతా" అంది ఈశ్వరమ్మ.

"వండుతారండి. కానీ ఇది ఉడికిందండి. మళ్లీ పొయ్యి మీద పెడితే పీచైపోద్ది. వెనక్కి పంపొద్దు."

గొంతు పెరగలేదు, కానీ వెనక్కి తగ్గలేదు కూడా. చూపుల్లో కూర్చుని, వంటే వృత్తిగా బతుకుతున్న మనిషికి కోడి ఉడకడం గురించి ఎదురు చెప్తాడా ఎవడైనా? ముప్పై నలభై ఏళ్లలో మా తమ్ముడు ఎవరి మాటకూ అడ్డు చెప్పడం నేను చూడలేదు. చెప్పడానికి ఇవ్వాళే దొరికిందా అనుకున్నాను. ఈశ్వరమ్మ చేతులు కాగితానికి తుడుచుకుని కుర్చీలో వెనక్కి ఆనుకుంది.

"అట్లయితే మీరు తినండి, చూస్తా."

సూరిబాబు ఆమె ముందున్న తొడ ముక్క తీసుకుని తినేశాడు. ఎముక పళ్లేరం అంచున పెట్టాడు. నెమ్మదిగా, ఇష్టంగా తిన్నాడు.

వెయిటర్ మా మొహాలు చూసి సంగతి గ్రహించినట్టున్నాడు. ఇక్కడికి వచ్చే మనవాళ్లలో సగంమంది ఇదే అంటారట. సూది లాంటి థర్మామీటర్ తెచ్చి, మిగిలిన పెద్ద ముక్కలో గుచ్చి అంకె చూపించాడు. పూర్తిగా ఉడికింది. కోడికి పొగ పట్టినచోట ఆ రంగు నిలిచిపోతుందని చెప్పాడు. మీరూ ఎప్పుడైనా వెళ్తే కంగారు పడకండి.

ఈశ్వరమ్మ ఆ అంకె చూసింది, మిగిలిన ముక్క తీసుకుని కొరికింది. "నేను చెప్పిందే తప్పు" అంది, నములుతూనే.

అప్పుడు లావణ్య ఫోనులోంచి అడిగింది. "నాన్న కాదన్నారని మీకు కోపం రాలేదాండీ?"

"కోపమెందుకు పాపా. పదైదేండ్లుగా నేను సరే మామా, సరే మామా అనే బతుకుతాండా. మీ నాయన కూడా సరే అనేటోడే అని మా అన్న చెప్పినప్పుడు భయపడితి. ఇంట్లో ఇద్దరమూ సరే సరే అంటా కూర్చుంటే, కూరలో ఉప్పు లేదని ఎవరు చెప్పల్ల?"

ఓబులేసు పెద్దగా నవ్వాడు. సూరిబాబు నవ్వలేదు. గొర్రె పక్కటెముకల్లో బాగా ఎర్రగా ఉన్నది ఒకటి తీసి ఆమె వైపు జరిపాడు. ఆమె తీసుకుంది. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను రాయను, ఓబులేసూ నేనూ సముద్రం చూడటానికని లేచి వెళ్లాం. తిరిగొచ్చేసరికి ఫోను ఆమె చేతిలో ఉంది, లావణ్యకు పళ్లేరంలో ఏది ఏదో చూపిస్తోంది. సూరిబాబు ఏదో వివరిస్తున్నాడు. వాడి ఇస్త్రీ చొక్కా మీద సాసు మరక, వాడికి పట్టలేదు.

మూడుంబావుకు ఓబులేసు "యల్లా" అని అందరినీ లేపాడు. ఈశ్వరమ్మ తనకు సమ్మతమేనని చెప్పి జాబ్రియాకు వ్యాను ఎక్కింది. లావణ్య మాత్రం ఏ మాటా చెప్పలేదు. నిద్రపోయి లేచి చెప్తానంది.

శనివారం ఉదయం నా తిరుగు ప్రయాణం. తెల్లవారుతుండగానే టాక్సీ ఎక్కాం. ఈ నెలలో సముద్రం చూశాను, ఎత్తయిన అద్దాల మేడలు చూశాను, ఎడారిలో రోడ్డు పక్కన ఒంటెలను చూశాను. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉంటారు. కువైట్ వచ్చే తెలుగువాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే: శుక్రవారం మధ్యాహ్నం ఆ పొగ పక్కన కూర్చుని, ఎదుటి మనిషికి ఏం కావాలో అడిగి, జవాబు వచ్చేదాకా ఆగి భోజనం చెయ్యండి. అంత మంచి భోజనం నేను ఈ మధ్య చెయ్యలేదు.

ఎయిర్‌పోర్టులో లగేజీ లైనులో ఉండగా ఫోను మోగింది. నాది కాదు, తమ్ముడిది. లావణ్య. ఒక్క ప్రశ్నే అడిగినట్టుంది, వాడు ట్రాలీల మధ్య నిలబడిపోయాడు. ఎవరి వైపూ చూడలేదు, నా వైపు కూడా.

"కావాలమ్మా" అన్నాడు. "నాకు కావాలి."

అవతల ఏమందో, వాడు మొహం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఫోను పెట్టేశాక అడిగాను. పాప సరేనందట. నేను ఆనందం పట్టలేక, ఊరు చేరగానే పంతులుగారి చేత ముహూర్తం పెట్టించేస్తానన్నాను.

"వద్దన్నయ్యా" అన్నాడు. "ఆవిడకి సెలవు ఎప్పుడిస్తారో కనుక్కోవాలి. పాప పరీక్షలు అవ్వాలి. మేం ముగ్గురం చూసుకుని నీకు చెప్తాం."

సరే అన్నాను. మా ఇద్దరిలో ఇంతకాలం ఆ మాట అనేది వాడు. వాడు నా పెట్టె అందుకుని ట్రాలీ మీద సర్దాడు, లైను కదిలింది, ముందుకు నడవమన్నాడు. నడిచాను.