పటిక తేర్చిన నీళ్లు

చౌడేశ్వరి రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు కళ్యాణదుర్గం బస్టాండు పక్కనున్న బంకులో టీ తాగుతుంది. గ్లాసు నిండా పోయనివ్వదు. ముందు కొంచెం పోయించుకుని, గ్లాసంతా తిప్పి, పక్కన పారబోస్తుంది. అట్లా మూడుసార్లు. ఆ తర్వాతే నిండు గ్లాసు.

"నువ్వు తాగేదాని కన్నా మన్నుకు తాపేదే ఎక్కువైందమ్మా," అంటాడు బంకు ఎర్రప్ప. "నా గ్లాసులో ఏమన్నా ఎండ్రిను కలిపినానా?"

"అలవాటన్నా," అని ఆమె తల వంచుకుంటుంది.

అలవాటు పనిలోంచి వచ్చింది. ఏ నీళ్లను పరీక్ష చేయాలో ఆ నీళ్లతోనే సీసాను ముందు మూడుసార్లు కడగాలి. పద్నాలుగేళ్లుగా నీటి పరీక్షల ల్యాబులో ఆమె చేస్తున్నది ఇదే. ల్యాబంటే రెండు గదులు, ఒక ఫ్రిజ్, ఒక మీటరు, గోడ వెంబడి రాతి బల్ల. చుట్టుపక్కల ఊళ్ల బోర్ల నీళ్లు సీసాల్లో వస్తాయి. ఉప్పదనం ఎంత, ఫ్లోరైడ్ ఎంత, తాగవచ్చా, తాగకూడదా అని ఆమె రాసిస్తుంది.

ఆమెకు కెమిస్ట్రీ మీద ఇష్టం పుట్టింది మేనమామ నరసింహప్ప ఇంట్లో. అమ్మానాయన బెంగళూరుకు కూలిపనికి పోతూ, రెండేళ్ల బిడ్డను ఎర్రబండపల్లిలో మామ దగ్గర వదిలి పోయారు. పదో తరగతి దాకా ఆమె ఆ ఊళ్లోనే పెరిగింది. నాయన ఇప్పుడు కళ్యాణదుర్గంలో ఆమె దగ్గరే ఉంటాడు. ఒకరోజు అత్త పసుపు మరకైన రవికెకు సబ్బు రుద్దగానే మరక నెత్తురులా ఎర్రబడింది. అత్త రవికె విసిరేసి, ఎవరో చేతబడి చేశారని వీధంతా వినబడేలా తిట్టింది. మరునాడు బడిలో సైన్సు అయ్యవారు పసుపు నీళ్లలో సున్నం కలిపి, అదే ఎరుపు తెప్పించి, నిమ్మకాయ పిండి మళ్లీ పసుపు చేశాడు. పిల్ల ఇంటికి పరుగెత్తి ఆ రవికె మీద నిమ్మకాయ పిండింది. అత్త తిట్లు ఆపింది కానీ, పిల్లను మాత్రం వారం రోజులు అనుమానంగానే చూసింది.

ఆ ఊరు ఆమెకు ఇంకొకటి కూడా ఇచ్చింది. పాత బోరు నీళ్లు. వాటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. పాలపళ్లు ఊడి కొత్తపళ్లు వచ్చేసరికి ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు పడ్డాయి. వాటినే ఊళ్లో గార అంటారు. ఎంత తోమినా పోయే గార కాదది. అందుకే ఆమె నోరు తెరిచి నవ్వదు. తెలియనివాళ్లు పొగరనుకుంటారు.

పొగరేమీ లేదని ఆమె వీధిలో అందరికీ తెలుసు. ఎవరికి ఏ సందేహం వచ్చినా ఆమె తలుపే తడతారు. రాగి చెంబులో మజ్జిగ ఎందుకు చిలుమెక్కింది, బెల్లం అంత తెల్లగా ఉంటే కొనవచ్చా, బియ్యంలో పాదరసం గోలీలు వేయవచ్చా? ఎదురింటి కొట్టువాళ్ల కోడలు నాగలక్ష్మి బాత్రూంలో యాసిడ్ పోసి, ఇంకా తెల్లగా రావాలని పైన బ్లీచింగ్ పౌడర్ చల్లినప్పుడు, దగ్గుతో ఉక్కిరిబిక్కిరైన ఆమెను చెయ్యి పట్టి బయటికి లాగింది చౌడేశ్వరే. ఆ తర్వాత నాగలక్ష్మి అంట్లు తోమే సబ్బు మార్చాలన్నా ఈమెను అడిగి మారుస్తుంది.

మొన్నటి మార్చిలో, ఒక బుధవారం, నరసింహప్ప ల్యాబుకు వచ్చాడు. చంకలో గుడ్డసంచి, సంచిలో రెండు లీటర్ల సీసా. బిడ్డను ఎత్తుకున్నంత జాగ్రత్తగా దాన్ని బల్ల మీద పెట్టాడు.

"నీళ్లు పడినాయి పాపా! ఆరు వందల ఇరవై అడుగులు. నాలుగు బోర్లు దుమ్ము కక్కినాక, ఐదోదాంట్లో గంగమ్మ కనికరించింది. మూడించుల నీళ్లు!"

ఎర్రబండపల్లిలో అది మామూలు మాట కాదు. ఎవరికి ఇష్టం ఉన్నా లేకపోయినా ఊరంతా పాత బోరు నీళ్లే తాగుతోంది. వేసవిలో అవీ సన్నగా వస్తాయి. కొత్త బోరు నుంచి ట్యాంకుకు పైపు వేయడం అయిపోయింది. గురువారం పొద్దున పది గంటలకు పూజ చేసి కొళాయి తిప్పుతారు. అంగన్‌వాడీకి కూడా ఒక కొళాయి పెట్టారు. మిగిలింది ఈ కాగితం ఒక్కటే.

చౌడేశ్వరి సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. అద్దంలా ఉన్నాయి నీళ్లు. అడుగున నలుసు కూడా లేదు.

పరీక్ష తేలికే. కొలిచిన నీళ్లలో కొలిచినంత ఎర్రటి మందు కలపాలి. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఎరుపు అంత పాలిపోతుంది. ఎంత పాలిపోయిందో మీటరు అంకెల్లో చెబుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. పాత బోరుది మూడు పైనే.

మీటరు సున్నా పాయింట్ తొమ్మిది అని చూపింది. ఆమె నమ్మలేదు. మళ్లీ కొత్తగా నీళ్లు కొలిచి, మందు కలిపి చూసింది. సున్నా పాయింట్ తొమ్మిది రెండు.

"ఏమైందే? మూతి అట్ల పెట్టినావు?"

"మంచి నీళ్లు మామా," అంది ఆమె. మామ ముందు కాబట్టి పళ్లు కనబడేలా నవ్వింది.

నరసింహప్ప రిపోర్టును ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. చౌడేశ్వరి అతన్ని హోటలుకు తీసుకుపోయి, రాగిముద్దా చట్నీ తినిపించి, రెండింటి బస్సు ఎక్కించింది.

తిరిగి వచ్చి గాజు గొట్టాలు కడగబోతూ ఆగింది. పొద్దున మందు కలిపిన రెండు గొట్టాలూ బల్ల మీదే ఉన్నాయి. వాటిలోని ఎరుపు అప్పుడున్నట్టు లేదు. కాస్త వెలిసింది. ఎండ వెలుగేమో అనుకుని మీటరులో పెట్టింది. ఒకటి పాయింట్ ఎనిమిది. రెండోది పెట్టింది. అదీ అంతే.

బోరు నీళ్లలో అంకె ఇట్లా పెరగదు. పెరిగిందంటే నీళ్లలో అల్యూమినియం ఉన్నట్టు. అది ఫ్లోరైడ్‌ను గట్టిగా పట్టుకుని మందుకు అందనివ్వదు. కాసేపటికి పట్టు సడలుతుంది, దాగిన ఫ్లోరైడ్ బయట పడుతుంది. చదువుకున్నప్పటి నుంచి ఆమెకు తెలిసిన సంగతే. కానీ రాతినేలలోంచి వచ్చిన నీళ్లలోకి అల్యూమినియం ఎక్కడిది?

ఆమె మళ్లీ సీసా ఎత్తి చూసింది. కొత్త బోరు నీళ్లంటే మొదట్లో బురదగా రావాలి. అడుగున నలుసు లేదు.

వెంటనే ఫోన్ చేసింది. "మామా, ఆ నీళ్లలో ఏమన్నా వేసినావా?"

"ఏమేస్తానే? ఏమీ ఎయ్యలేదు."

"బాగా ఆలోచన చెయ్యి."

"ఏమీ ఎయ్యలేదంటి గదా! పట్టినప్పుడు బురదగా ఉంటే రోంత పటిక తిప్పినా, అంతే. తేరుకున్నాక మీ అత్త పట్టుచీర కొంగులో వడగట్టినా. గవర్నమెంటాఫీసుకు బురదనీళ్లు తీసుకొస్తే మర్యాదా? నీ పక్కనోళ్లు ఏమనుకుంటారు, ఈయమ్మ మామ ఇంత అడివోడా అని అనుకోరూ?"

ఆమె గోడకు ఆనుకుంది. పటికలో ఉండేదే అల్యూమినియం. "ఎంత పటిక?"

"చెయ్యి నొప్పెట్టేదాకా తిప్పినా. నీకోసరమే!"

"మామా, రేపు కొళాయి తిప్పొద్దండి. ఆ రిపోర్టు చెల్లదు."

అవతల పెద్ద నవ్వు. "బూందీకి శెనగపిండి కలిపినాక చెప్తాండావా? పొద్దున నువ్వే రా. నీ చేత్తోనే తిప్పుదువు."

అతను నమ్మలేదని ఆమెకు అర్థమైంది. ఇంతలో గ్రూపులో ఎవరో రాశారు: రేపటి నుంచి అంగన్‌వాడీ పిల్లలకు కొత్త నీళ్లే. దాని కింద తన సంతకం ఉన్న కాగితం.

గురువారం మొదటి బస్సుకు బయల్దేరింది. ఒక సంచిలో మీటరు, ఇంకో సంచిలో మందు సీసా, డిస్టిల్డ్ వాటర్, గొట్టాలు. కుందుర్పి దారిలో దిగి, షేర్ ఆటో పట్టుకుని ఎనిమిదిన్నరకు ఎర్రబండపల్లి చేరింది. కొత్త బోరు దగ్గర మామిడాకులు కట్టారు. వేరుశనగ కట్టె పొయ్యి మీద బూందీ వేగుతోంది. ఆమెను చూసి నరసింహప్ప చేతులు చాచుకుంటూ వచ్చాడు. సంచులు చూసి చేతులు దించేశాడు.

"ఇవన్నీ ఏమిటికే?"

నలుగురిలో మాట్లాడటం ఆమెకు చేతకాని పని. అయినా చెప్పింది. "నిన్న రాసిచ్చింది తప్పు మామా. ఈ నీళ్లు మళ్లీ చూడాల."

పక్కనున్న గంగప్ప, బోరు కోసం అధికారుల చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయినవాడు, గట్టిగా అన్నాడు. "నిన్న మంచివి, ఈపొద్దు చెడ్డవా? నీళ్లు మారినాయా, కాగితం మారిందా? రాత్రికి రాత్రి ఏం జరిగిందమ్మా?"

"నీళ్లు మారలేదన్నా. నేను చూసింది ఈ నీళ్లను కాదు."

ఆమె బోరు గట్టు మీద తెల్లకాగితం పరిచింది. నాలుగు రోజులుగా మోటారు ఆడటంతో నీళ్లు వాటంతటవే తేరుకున్నాయి. సీసాను మూడుసార్లు కడిగి నీళ్లు పట్టింది. ఒక గొట్టంలో డిస్టిల్డ్ వాటర్, ఒకదాంట్లో పాత బోరు నీళ్లు, మూడోదాంట్లో కొత్తవి పోసి, మూడింటిలోనూ సమంగా ఎర్రమందు కలిపింది. జనం మూగారు. మొదటిది దానిమ్మ గింజ రంగులో నిలిచింది. పాత బోరుది వెలిసిపోయింది. కొత్తదీ వెలిసింది, పాతదానికి ఒక్క పిసరు తక్కువగా.

కొత్త నీళ్లకు మీటరు రెండు పాయింట్ తొమ్మిది చూపింది. ఆ అంకెను ఎవరూ అడగలేదు. రంగులు కనబడుతూనే ఉన్నాయి.

మోకాళ్లు వంగక కట్టె ఊతంతో నిలబడ్డ హనుమంతమ్మ అనే ముసలామె మూడు గొట్టాలనూ వంగి వంగి చూసింది. "ఇది పాత బోరుకు చెల్లెలే గదప్పా," అంది.

నరసింహప్ప మాత్రం ఒప్పుకోలేదు. "సరే, పటిక వేస్తే తగ్గింది గదా? ఇంటింటికీ పటిక వేసుకుంటాం. అయిపాయె!"

ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే ఆమె తొందరపడకుండా చెప్పింది. పటిక కొంత ఫ్లోరైడ్‌ను నిజంగానే అడుగుకు దింపుతుంది. కానీ ఎన్ని నీళ్లకు ఎంత పటిక, ఎంత సున్నం అన్నది కొలవాలి. అడుగున చేరిన మడ్డిని పిల్లలు, పశువులు ముట్టని చోట పారేయాలి. పైన తేరిన నీళ్లను మళ్లీ పరీక్ష చేయాలి. ఇదంతా రోజూ చేయాలి. చెయ్యి నొప్పెట్టేదాకా తిప్పితే పటికే నీళ్లలో మిగిలిపోతుంది.

"నిన్న నా మీటరును మోసం చేసింది అదే మామా. నీళ్లు బాగయినట్టు కనబడినాయి, కానీ అంత బాగు కాలేదు."

"అయితే తప్పు నాదంటావు."

జనమంతా ఆమె వైపు చూశారు. మామ ముఖం చిన్నబోయింది. రిగ్గు బండి దగ్గర వారం రోజులు కూర్చుని, నీళ్లు పడిన క్షణాన ఆ బురదలోనే కూర్చుని ఏడ్చిన మనిషి అతను.

"నాది," అంది చౌడేశ్వరి. "ఇంకొకరు పట్టిన నీళ్లకు నేను సంతకం పెట్టకూడదు. నేనే వచ్చి పట్టుకోవాల. మా మామ గదా అని పెట్టేసినా."

మాట్లాడుతున్నప్పుడు ఆమె పళ్లు కనబడుతున్నాయి. ఈసారి పెదవులు మూయలేదు. చంకలో పిల్లనెత్తుకున్న అంగన్‌వాడీ ఆయా ఆ పళ్లను చూసి, పోయి, అంగన్‌వాడీ కొళాయి కింద పెట్టిన బిందెను తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

పూజ మాత్రం ఆపలేదు. నీళ్లు పడినందుకు గంగమ్మకు మొక్కు తీర్చాలి కదా. కొబ్బరికాయ కొట్టారు, బూందీ పంచారు. కొళాయి తిప్పి ఆ నీళ్లతో గట్టు కడిగారు, ఎవరూ తాగలేదు. నరసింహప్ప ఆమెతో మాట్లాడలేదు. కానీ ఆటో కదులుతుంటే వచ్చి, కాగితంలో కట్టిన బూందీ ఒళ్లో పడేసి, "మీ నాయనకు గూడా ఇయ్యి," అని వెనక్కి తిరిగాడు.

రిపోర్టును రద్దు చేస్తూ ఆమె పైఅధికారికి ఉత్తరం రాసింది. జవాబుగా మెమో వచ్చింది. అందులో ఉన్నవి న్యాయమైన మాటలే కాబట్టి ఆమె సంజాయిషీ ఒక్క వాక్యంలో ముగించింది.

కొత్త బోరు నీళ్లు ఇప్పుడు ఎర్రబండపల్లిలో బట్టలకు, అంట్లకు వాడుతున్నారు. ఆ కొళాయిల మీద తాగరాదని రాయించింది గంగప్పే. తాగడానికి నాలుగు మైళ్ల అవతలి ఊరి బోరు నుంచి రోజు విడిచి రోజు ట్యాంకరు వస్తుంది. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటి పాయింట్ ఒకటి. పైపు వేయాలని అర్జీ పెట్టారు, ఇంకా రాలేదు. నరసింహప్ప మూడు నెలలు అలిగి, ఆ తర్వాత తానే ఫోన్ చేసి, ఇంట్లో పటికముక్క మిగిలింది, గడ్డం గీసుకున్నాక రాసుకోవచ్చా అని అడిగాడు. రాసుకోవచ్చని చెప్పింది.

చౌడేశ్వరికి ఇప్పుడు నలభై ఒకటి. ఉద్యోగం ఇంకా కాంట్రాక్టుదే. వారంలో మూడు రోజులు బస్సుల్లో, ఆటోల్లో ఊళ్లు తిరిగి నీళ్లు తానే పట్టుకొస్తుంది, మిగతా మూడు రోజులు వాటిని పరీక్ష చేస్తుంది.