చిన్నాయన ఆంప్‌లో నా బేస్ గిటార్

మా చర్చిలో ఉన్న ఒకే ఒక్క గిటార్ ఆంప్, శబ్దం పెంచే ఆ స్పీకర్ పెట్టె, మా చిన్నాయనది. ఆయన నాయనకు తమ్ముడు. వారమంతా మిరప తోటల్లో కూలికి వెళ్ళేవాడు. ఆదివారం పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గిటార్ వాయించేవాడు. పెద్దారవీడు పక్కన మాది చిన్న ఊరు, రేకుల కప్పుతో చర్చి కూడా చిన్నదే. ఆ ఆంప్‌ను ఆయన ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆరాధన అయిపోగానే దానిమీద దుప్పటి కప్పి, తానే ఎత్తుకుని ఇంటికి తీసుకుపోయేవాడు.

నేను అప్పుడు మార్కాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఒక స్నేహితురాలి పెళ్ళిలో మొదటిసారి బేస్ గిటార్, లావు తీగలతో లోతుగా మోగేది, విన్నాను. విన్నాను అనడం కంటే, కూర్చున్న కుర్చీలోంచి అది నా వెన్నులోకి ఎక్కింది అనాలి. ఇంకే వాయిద్యమూ నన్ను అట్లా పట్టుకోలేదు. వాడిన బేస్ ఒకటి సంపాదించి, ఫోన్‌లో వీడియోలు చూస్తూ నేర్చుకున్నాను. ఆంప్ లేదు కాబట్టి గిటార్ పై కొసను తలుపు చెక్కకు ఆనించి వాయించేదాన్ని. తలుపంతా సన్నగా మోగేది. మా అమ్మ అవతలి గదిలోంచి "ఎవరో తలుపు కొడతాండారు సూడు" అనేది.

క్రిస్మస్ పాటల సాధన మొదలైనప్పుడు చిన్నాయనే పిలిచాడు.

"నీది గూడ నా దాంట్లోనే పెట్టుకో పాపా. తలుపుతో ఎన్ని దినాలు వాయిస్తావు?"

ఆ మాటకు నాకు కాళ్ళు నేలమీద ఆగలేదు. రెండో రోజు సాయంత్రం కీబోర్డు, డోలక్ గట్టిగా అందుకునేసరికి నా బేస్ నాకే వినిపించలేదు. వాల్యూమ్ పెంచాను. బేస్ అని రాసి ఉన్న గుబ్బను చివరిదాకా తిప్పాను. పాట నిండుగా మారింది. అందరూ నా వైపు చూశారు, నేను ఇంకా గట్టిగా మీటాను. రెండో పాటలో అన్నిటికంటే లావు తీగ మీటగానే స్పీకర్లోంచి బర్రుమని చప్పుడు వచ్చింది. తీగ వదులైందనుకుని వాయిస్తూనే పోయాను. పాట ముగిసేసరికి ఏ తీగ మీటినా చిరిగిన కాగితం గాలికి కొట్టుకున్నట్టు చప్పుడు.

చిన్నాయన మోకాళ్ళమీద కూర్చుని ఆంప్‌కు చెవి పెట్టాడు. ఒక్కో తీగనూ మీటమని విన్నాడు.

"ఏంది పాపా, ఇట్ల జేసినావు?" అన్నాడు చివరికి. అంతే. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మర్నాడు ఆ ఆంప్‌ను ఆటోలో పెట్టుకుని ఇద్దరం మార్కాపురం వెళ్ళాం. అక్కడ స్పీకర్లు బాగుచేసే ఒక భాయ్ దుకాణం ఉంది. ఆయన ఆంప్ వెనక చెక్క విప్పి, స్పీకర్ తీసి వెలుతురుకు పట్టాడు. నల్లటి పేపర్ అంచు వెంట జానెడు చీలిక.

"దీంట్లో ఏం వాయించినారు?"

"బేస్ గిటార్, భాయ్. నేనే," అన్నాను.

ఆయన నవ్వలేదు, కసురుకోనూ లేదు. బేస్‌కు వాడే లావు స్పీకర్ ఒకటి, గిటార్‌కు వాడే సన్న స్పీకర్ ఒకటి పక్కపక్కన పెట్టి, రెంటి పేపర్ల మీదా నా వేలు ఆనించాడు. "సూడమ్మా, గిటార్‌ది ఎంత పలచన ఉందో. బేస్ తీగ మోగితే ఈ పేపర్ ముందుకూ ఎనక్కూ శానా దూరం పోవాల. అంత దూరం పోయేదానికి దీన్ని జెయ్యలేదు. గట్టిగా పెడితే చిరుగుతాది, లేకుంటే లోపల కాయిల్ కాలుతాది."

"అయితే దీంట్లో వాయించగూడదా?"

"ఎవరు జెప్పినారు? వాయించొచ్చు. సౌండు తక్కువ పెట్టి వాయించు."

పేపర్ మార్చిన రోజు నా గిటార్ కూడా తెమ్మన్నాడు. వాల్యూమ్ సున్నా దగ్గర పెట్టాకే వైరు గుచ్చమన్నాడు. బేస్ గుబ్బను సగం కంటే కిందికి దించాడు. శబ్దాన్ని గరుకు చేసే డ్రైవ్ బటన్ జోలికి పోవద్దన్నాడు. తర్వాత లావు తీగ మీటిస్తూ వాల్యూమ్ కొంచెం కొంచెంగా పెంచాడు. ఒకచోట స్వరం అంచు బరకగా మారింది.

"ఇన్నావా? పేపర్ అలిసిపోయినాదని చెబుతాంది. ఈడికి రాకముందే ఆగాల."

ఆ బరకను నేను ఇరవైసార్లు విన్నాను. ఇంటికి వెళ్ళేసరికి అది నా చెవిలో స్థిరపడింది. ఆ రోజు నుంచి నాకు భయం పోయింది. ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్ళకు భయం దేనికి?

చిన్నాయనను ఒప్పించడం మాత్రం అంత సులువు కాలేదు. "నువ్వే పక్కన నిలబడి ఇను. నీకు తేడా అనిపిస్తే స్విచ్ తీసెయ్," అన్నాను. మూడు ఆదివారాలు ఆయన నిజంగానే స్విచ్ బోర్డు పక్కన నిలబడే గిటార్ వాయించాడు. నాలుగో ఆదివారం తన చోట కూర్చున్నాడు.

ఎండాకాలంలో బేస్తవారిపేటలో చుట్టుపక్కల ఊళ్ళ చర్చి సంఘాలన్నీ కలిసి సభ పెట్టాయి. పగటి సభ, పెద్ద షామియానా. బేస్ ఆంప్ తెస్తామన్న సౌండువాళ్ళు దాన్ని మరిచిపోయి వచ్చారు. సభ నడిపించే పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "బేస్ లేకుంటే ఏమైతాదిలే అమ్మా, కీబోర్డుంది గదా" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే చిన్నాయన అన్నాడు: "మా ఆంప్ ఉంది. ఆయమ్మి దాంట్లో వాయిస్తాది."

"మరి నీ గిటార్?"

"ఇంత పెద్ద సభకు రెండూ దాంట్లో వద్దు. నేను ఈ పొద్దు చప్పట్లు కొడతా."

ఆయన తన వైరు పీకి నా చేతికిచ్చాడు. నేను వాల్యూమ్ సున్నాకు తిప్పి, గుబ్బలన్నీ సరిచూసుకుని వైరు పెట్టాను. అంత పెద్ద షామియానాకు ఆ చిన్న ఆంప్ చాలదని నాకు తెలుసు. అందుకే సౌండు అతన్ని పిలిచి, "అన్నా, ఆంప్ పెంచను. దాని ముందర ఒక మైకు పెట్టి, మీ పెద్ద బాక్సుల్లో పెంచుకోండి" అన్నాను. అతను తల గోక్కుని మైకు పెట్టాడు.

పాట మొదలైంది. నా పక్కన ఆంప్ మెల్లగా మాట్లాడుతుంటే, షామియానా రెండు చివర్లలో పెద్ద బాక్సుల్లోంచి బేస్ దిగింది. ముందు వరుసలో ఒక ముసలమ్మ గుండెమీద చెయ్యి పెట్టుకుని పక్కనామె వైపు తిరిగింది. చివరి పాటకు జనం లేచి నిలబడ్డారు. పెద్దాయన వేదిక కింద నుంచి పెంచు, పెంచు అని చేతులు ఊపాడు. నేను తల అడ్డంగా ఆడించాను. ఆ ఊపులో నాకే తెలియకుండా చేతి బలం పెరిగినట్టుంది, లావు తీగ మీద ఆ బరక వినిపించింది. వెంటనే అదే స్వరాన్ని పైస్థాయిలో పట్టుకుని, వేళ్ళు తేలిక చేశాను. జనంలో ఎవరికీ తెలియలేదు. చిన్నాయన ఒక్కడే చప్పట్లు ఆపి నా వైపు చూసి, మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు.

సభ అయ్యాక పెద్దాయన వచ్చాడు. "పెంచమంటే పెంచలేదేందమ్మా?"

"ఎనక ఉన్నోళ్ళకు వినపడలేదా పెద్దాయనా?"

"వినపడింది."

"అయితే ఇంగేంది?"

ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. చిన్నాయన ఆంప్ ముందు గుడ్డకు చెవి పెట్టి, నన్ను ఒకసారి లావు తీగ మీటమన్నాడు. శుభ్రంగా మోగింది. "బాగనే ఉంది," అని దుప్పటి తీసి నాకిచ్చాడు. ఆంప్‌ను ఆటోదాకా మోసింది ఆ రోజు నేనే.

ఇప్పుడు నాకు సొంత బేస్ ఆంప్ ఉంది. గిద్దలూరులో బట్టలు కుట్టే ఒకామె శనివారాలు నా దగ్గరికి నేర్చుకోవడానికి వస్తుంది. నాకంటే పదేళ్ళు పెద్దది. ఇంట్లో వాళ్ళాయన గిటార్ ఆంప్ మాత్రమే ఉందని, దాంట్లో పెడితే పాడవుతుందేమోనని మొదటిరోజే దిగులుగా అడిగింది.

"ఏం పాడు కాదక్కా," అన్నాను. "వచ్చే వారం అది గూడ తీసకరా. ఎంతవరకు పోవచ్చో ఇద్దరం ఇని సూద్దాం."