ఉప్పు పలక

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ మూడో ఏట మార్కాపురంలో ఏం జరిగిందని భావి చరిత్రకారులు వెతికితే, వారు ముందుగా ఓబులేసు మాస్టారి ఉప్పును పరిశీలించాలి. కంచం పక్కన విరిగిన పలక ముక్క, దాని మీద ఉప్పు. కూర రుచైనా చూడకుండా చిటికెడు తీసి చల్లుకోవడం ఆయనకు పెళ్లినాటి నుంచీ ఆచారం. దొరలు పోయారు, రాష్ట్రం రెండుసార్లు మారింది. ఆ చిటికెడు మారలేదు. భార్య సరస్వతమ్మ మాత్రం దాన్ని తన వంట మీద పూటపూటా పెట్టే అవిశ్వాస తీర్మానంగా భావించేది.

సాయంత్రం బడి వదిలాక మాస్టారు 'దాంపత్య విజ్ఞానం' అనే త్రైమాసిక పత్రికకు సంపాదకులు. ఆలుమగల తగవులు ఎందుకు పుడతాయో, ఎట్లా తీరతాయో అందులో శాస్త్రీయంగా చర్చిస్తారు. కంభంలో ఉండే రిటైర్డు ప్లీడరు చెన్నకేశవులు పరిశీలించి సరేనన్న వ్యాసమే అచ్చవుతుంది. అంతకు మించిన నియమం అట్ట వెనకే ఉంటుంది: ఇరుపక్షాల వాదనా వినని వ్యాసాన్ని ప్రచురించం.

ఈసారి వ్యాసాలు చాలలేదు. మాస్టారు తన ఇంటి ఉప్పు తగాదానే రాసేశారు. ఊరిని కొమరోలు చేశారు, మొగుణ్ణి గొర్రెల కాపరిని చేశారు, పెళ్లాంది అకారణ కోపమని తేల్చారు. చెన్నకేశవులు "అమోఘం" అని రాసి పంపారు.

అచ్చు కాగితాలు మడిచి కుట్టేది సరస్వతమ్మే. ఆ ఆదివారం పదకొండు గంటల బస్సుకు కట్టలు ఎక్కకపోతే, ఏనాడూ తప్పని పత్రిక తేదీ తప్పుతుంది. మూడో పేజీ దగ్గర సూది ఆగింది.

"ఏందయ్యా ఇది? కొమరోలులో గొర్రెలు మేపేటాయన పలక ముక్క మీద ఉప్పు పెట్టుకుంటాడా?"

"ఎవరో, ఎక్కడో..."

"పలక మార్కాపురంది, నాలిక మీది. ఊరొక్కటే మార్చినారు. ఎందుకు కోపమొచ్చిందో ఆమెను అడిగినారా?"

"బస్సొచ్చే యాళైంది, కుట్టవే తల్లీ!"

"ఇరుపక్షాలూ వినాలని రాసింది మీరే గదా? నేనూ ఒక పక్షమే. వినేదాకా సూది ముట్టను."

నియమం పెట్టినాయన నియమానికే చిక్కారు. పీట వాల్చుకుని, కళ్లద్దాలు తీసి, బుద్ధిగా విన్నారు.

"చాలకపోతే ఏసుకోండి, వద్దన్నానా? ఒక్క ముద్ద తిని ఏసుకోండి. తినకుండానే తప్పు పట్టేది ఏ శాస్త్రం?"

మాస్టారికి నవ్వొచ్చింది. ఆమె కుడుతుంటే ఆయన ఒక్కో ప్రతిలోనూ వ్యాసం కింద సిరాతో రాశారు: 'భార్య వాదన విన్నాం. తప్పు భర్తది. సంపాదకుడు.' కండక్టరు ఈల వేసే వేళకు కట్టలు బస్సు మీదికెక్కాయి.

"ఇంతకీ ఆ గొర్రెలాయన మారినాడా?" అన్నం వడ్డిస్తూ అడిగింది సరస్వతమ్మ, నవ్వాపుకుంటూ.

మాస్టారు పట్టాభిషేకానికి కూర్చున్నంత గంభీరంగా కూర్చున్నారు. పలక ముక్కను గోడవారకు జరిపారు. పులుసు కలిపారు. ఆమె చూస్తుండగా మొదటి ముద్ద నోట పెట్టుకున్నారు.

పొద్దుటి హడావిడిలో ఆమె పులుసులో ఉప్పు వేయలేదు.