కచేరీ మధ్యలో పూతరేకు

ప్రణతికి కచేరీ మధ్యలో ఆకలేస్తుంది. ముందు కాదు, తర్వాత కాదు, సరిగ్గా మధ్యలో. పెద్ద కీర్తన పూర్తయి, ఇక పాట ఆగి మృదంగం ఒక్కటే మోగాల్సిన సమయానికి, మైకులోంచి హాలంతా వినేటట్టు "తాతగారూ, ఆకలేస్తోంది!" అంటుంది. అంతవరకూ కాంభోజి పాడి ముసలివాళ్ళ చేత కళ్ళు తుడిపించిన గొంతే అది. వయసు పదకొండు. ఆ కేక వినగానే భీమవరం చిట్టిరాజుగారు మొదటి వరసలోంచి లేచి, తల వంచుకుని, స్టీలు డబ్బాతో స్టేజీ ఎక్కుతారు. రొయ్యలకి తెగులొచ్చి చెరువు చెరువంతా పోయినప్పుడు కూడా ఆయన అలా తల దించలేదు.

డబ్బాలో తీపే ఉండాలి. ఇంట్లో చూస్తే ఆ పిల్ల తీపి ముట్టదు. నాయనమ్మ సుభద్రమ్మగారు సున్నుండలు చేసిపెడితే పిల్లికి పెట్టి, తను ఆవకాయ ముక్క చప్పరిస్తుంది. స్టేజీ మీద మాత్రం పూతరేకు అడుగుతుంది. చివర కొంచెం కొరుకుతుంది. మొహం చిట్లిస్తుంది. "బాలేదు. మాస్టారూ, మీరు తినేయండి" అని మిగతాదంతా మృదంగం గణేష్‌బాబుగారి చేతిలో పెడుతుంది. ఆయన మొహమాటపడుతూ తినేస్తారు.

చిట్టిరాజుగారికి ఒళ్ళు మండేది అక్కడే.

"పెద్దాయనకి ఎంగిలి పెడతావేంటమ్మలూ? అప్రాచ్యపు పని!"

"పారేస్తే పాపం కదండీ."

"పోనీ నచ్చనప్పుడు అడగడం ఎందుకు?"

"ఈసారి బావుంటుందేమోనని!"

ఇదీ వరస. పాటలో తాళం తప్పదు, తాతతో వాదనలో అసలు తప్పదు.

ఈ పిల్ల పుట్టుకే అంత. మూడేళ్ళప్పుడు తాతగారి బండి ముందు కూర్చుని చెరువు మీదకి వెళ్ళింది. నీళ్ళు చిలికే ఏరేటర్ల హోరు కాసేపు విని, "తాతగారూ, ఆ చివరది శ్రుతి తప్పింది" అంది. ఆయన నవ్వేశారు. సాయంత్రానికి ఆ మోటారు కాలిపోయింది. అంతే, ఊళ్ళో రైతులు మెకానిక్కి ఫోన్ చేసే ముందు ప్రణతిని చంకనేసుకెళ్ళి గట్టు మీద నిలబెట్టడం మొదలెట్టారు. "దీన్ని సంగీతంలో పెట్టండి బాబూ, లేకపోతే మోటార్ల షాపు పెట్టాల్సొచ్చేలా ఉంది" అని సుభద్రమ్మగారు గోల చేస్తే సంగీతంలో పెట్టారు. ఆరో ఏట పాలకొల్లులో మొదటి కచేరీ. మొదటి ఆకలి కూడా అక్కడే. పసిపిల్ల కదా అని అందరూ ముద్దుగా నవ్వారు. ఏడో ఏటా నవ్వారు. తొమ్మిదో ఏడు వచ్చేసరికి పేపర్లో పాట గురించి నాలుగు ముక్కలు, పూతరేకు గురించి పది ముక్కలు రాశారు.

చిట్టిరాజుగారికి ఒక్కటే కోరిక మిగిలింది. రాజమండ్రిలో ఓ పెద్ద సభ ఉంది. దాని కార్యదర్శి మల్లేశ్వరరావుగారు బట్టల వ్యాపారి. మొదట్లో మనవరాలిని పాడించమని అడగడానికి వెళ్తే, "చెరువుల వాళ్ళకి సంగీతం ఏంటండీ, మైకుకి నీసు వాసన పట్టదూ?" అని పదిమందిలో నవ్వాడాయన. ఆ నవ్వు చిట్టిరాజుగారి చెవిలో అలాగే ఉండిపోయింది. అదే సభలో, అదే మల్లేశ్వరరావు చేత మనవరాలికి బిరుదు ఇప్పించాలి. అప్పటిదాకా నిద్రపట్టేలా లేదు.

ఈ ఏడు పిలుపు వచ్చింది. బిరుదు కూడా ఖాయం అన్నారు. కార్యదర్శిగారు ఫోన్లోనే షరతులు పెట్టారు.

"స్టేజీ మీద తిండీ గిండీ కుదరదండి. డబ్బా కనిపిస్తే బిరుదు లేదు. ఆ గణేష్‌బాబెందుకండీ, నీరసంగా ఉంటాడు. మా దగ్గర మంచి కుర్రాడున్నాడు."

ప్రణతి ఫోన్ లాక్కుంది. "మాస్టారు లేకపోతే నేనూ లేనండి. మీ కుర్రాడి చేతే పాడించుకోండి."

చిట్టిరాజుగారు నానా తంటాలు పడి మృదంగం మాస్టారిని నిలబెట్టారు. తిండి సంగతి మాత్రం మాటిచ్చేశారు. హాలు దగ్గర దిగగానే డబ్బా కార్లో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

కచేరీ అదిరిపోయింది. పెద్ద కీర్తన అయ్యేసరికి చప్పట్లు ఆగలేదు. మల్లేశ్వరరావుగారే తల ఊపారు. శాలువా, బిరుదు రాసిన ఫలకం బల్ల మీద మెరుస్తున్నాయి. ముఖ్య అతిథి ఒక్కరే ఇంకా రాలేదు, బ్రిడ్జి మీద ట్రాఫిక్కులో ఉన్నారు.

"తాతగారూ, ఆకలేస్తోంది!"

చిట్టిరాజుగారు కళ్ళు మూసుకున్నారు. తెరిచి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపారు.

"డబ్బా లేదా? అయితే మంగళం పాడేస్తాను" అంది ప్రణతి మైకులో, చాలా మర్యాదగా.

హాలు గొల్లుమంది. మల్లేశ్వరరావుగారికి నవ్వు రాలేదు. మంగళం పాడాక మళ్ళీ పాడటమనేది ఏ కచేరీలోనూ లేదు. అతిథి వచ్చేసరికి ఖాళీ కుర్చీలు చూపించాలి. ఆయన స్టేజీ అంచుకొచ్చి పళ్ళు బిగించి, "ఏంటమ్మా ఈ పెంకితనం? తాతగారు మాటిచ్చారు" అన్నారు.

"ఆయనిచ్చారండి. నేనివ్వలేదుగా?"

నిజంగానే మంగళం ఎత్తుకుంది. మొదటి అక్షరం సాగిందో లేదో, మల్లేశ్వరరావుగారు పంచె ఎగ్గట్టి లోపలికి ఒకటే పరుగు. ముఖ్య అతిథి కోసం దాచిన వెండి పళ్ళెంలోంచి పూతరేకు తెచ్చి ఇచ్చారు. ప్రణతి చివర కొరికింది. మొహం చిట్లించింది.

"నెయ్యెక్కువైంది. మాస్టారూ, మీరు తినేయండి."

సిగ్గుతో చచ్చిపోతున్న చిట్టిరాజుగారు మనవరాలి మొహం చూడలేక గణేష్‌బాబు వైపు చూశారు. ఏసీ హాల్లో ఆ మనిషి చొక్కా తడిసి ముద్దయింది. పూతరేకు పట్టుకున్న వేళ్ళు వణుకుతున్నాయి. నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఆ చెమట, ఆ వణుకు చిట్టిరాజుగారికి కొత్త కాదు. తనూ షుగరు పేషెంటే. పోయినేడు మాత్ర వేసుకుని టిఫిన్ మర్చిపోయి, చెరువు గట్టు మీద అలాగే కూలబడ్డారు.

ప్రణతి తీరిగ్గా శ్రుతి సరిచూసుకుంటున్నట్టు నటిస్తూ, వారగా ఆయన వేళ్ళ వంకే చూస్తోంది. వణుకు తగ్గాక, ఇక కానివ్వండన్నట్టు తల ఊపింది. ఆ తర్వాత మోగిన మృదంగానికి హాలు కప్పు లేచిపోయిందంటే నమ్మండి.

అతిథి వచ్చాడు, మాట్లాడాడు, వెళ్ళాడు. బల్ల మీద ఫలకం మాత్రం మాయమైంది.

"క్రమశిక్షణ లేనివాళ్ళకి మా బిరుదు ఇవ్వమండి" అన్నారు మల్లేశ్వరరావుగారు, ఆయాసం ఇంకా తీరక.

చిట్టిరాజుగారు తల ఎత్తారు. "మీ బిరుదు మీ దగ్గరే ఉంచుకోండి. పూతరేకుకి మాత్రం మహా థాంక్సండి!"

కారెక్కాక అడిగారు. "అమ్మలూ, మాస్టారికి షుగరు పడిపోతుందా?"

"మీకెవరు చెప్పారు?" అని మండిపడింది ప్రణతి. "ఎవరికీ తెలియకూడదండి! కడుపునిండా తింటే చెయ్యి ఆడదని ఆయన కొంచెమే తింటారు. మధ్యలోకొచ్చేసరికి మృదంగం నడక తడబడుతుంది. పాలకొల్లులోనే నాకు వినిపించింది. ఇదివరకెక్కడో ఆయనే జేబులోంచి చాక్లెట్ తీసి తింటే, ఒంట్లో బాగోదని ప్రచారమైపోయి ఏడాది పాటు ఎవరూ పిలవలేదట."

"మరి నిన్ను తిండిపోతంటున్నారే అందరూ!"

"నన్నేగా అండి. మిమ్మల్ని కాదుగా."

"ఇద్దర్నీ కలిపే అంటున్నార్లే" అన్నారు చిట్టిరాజుగారు. కిటికీ అద్దం దించి గోదావరి వైపు చూస్తూ, గాలి ఎక్కువైందని కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాతి కచేరీ నరసాపురంలో. పెద్ద కీర్తన అయింది. ప్రణతి నోరు తెరవబోయే లోపే మొదటి వరసలోంచి గావుకేక వినిపించింది.

"ఆగమ్మలూ! నాకు ఆకలేస్తోంది!"

చిట్టిరాజుగారు డబ్బాతో దర్జాగా స్టేజీ ఎక్కారు. కింద కుర్చీలోంచి సుభద్రమ్మగారు "షుగరు మనిషి, షుగరు మనిషి!" అంటున్నా వినకుండా పూతరేకు చివర చీమ తలకాయంత కొరికి, మొహం చిట్లించారు.

"బాలేదండి. మాస్టారూ, మీరు తినేయండి."

వెనక వరసలో ఎవరో గట్టిగానే అన్నారు. "పిల్లకి ఈ తిండి యావ ఎక్కణ్ణుంచి వచ్చిందో అనుకున్నాను. తాత పోలికన్నమాట!"

చిట్టిరాజుగారు మీసం దువ్వుకుని మైకు దగ్గరకి వంగారు.

"అవునండి. మా ఇంట్లో అందరం ఇంతే!"