సుంకమ్మ చూపించిన బీడు

పత్తికొండ దగ్గర ఒక ఊళ్లో సుంకమ్మ ఇరవై ఏళ్లుగా గొర్రెలు కాస్తోంది. ఊరి వెనక బీడులో ఆమె నడవని జాగా లేదు. చలి తగ్గుతున్న రోజుల్లో కడప నుంచి మధులత అనే అమ్మాయి ఆ బీడుకు వచ్చింది. జంతువులు, పిట్టలు పిల్లల్ని పెంచే తావులు గుర్తించి, వాటిని కాపాడడానికి పటం గీయడం ఆమె పని.

"ఈ జాగా గురించి ఏమని రాసినారు పాపా?" అడిగింది సుంకమ్మ.

"సర్కారు కాగితాల్లో పనికిరాని భూమని రాసుండాది అక్కా."

సుంకమ్మకు నవ్వూ వచ్చింది, రోషమూ వచ్చింది. "మా గొర్రెలు గాలి తిని బతుకుతాండాయా? రా, చూపిస్తా!"

మూడు రోజులు తిప్పింది. కౌజు పిట్టలు గుడ్లు పెట్టే మిట్ట, జింకలు పిల్లల్ని దాచే బోదగడ్డి, ఎండల్లోనూ చెమ్మ ఆరని వంక, అన్నీ చూపించింది. తోడేలు పిల్లలున్న బండ వైపు మాత్రం పోలేదు. "అది చూపిస్తే కంచె వేస్తారు. మన గొర్రెలు యాడ మేయాల?" అని ముందే చెప్పాడు మొగుడు చిన్న ఈరన్న.

నాలుగో రోజు సుంకమ్మ సూటిగా అడిగేసింది. "ఇవన్నీ రాసుకున్నాంక మమ్మల్ని రావద్దంటారా?"

మధులత రాస్తున్న కాగితం పక్కన పెట్టింది. "నా చేతిలో లేనిది మాటివ్వలేనక్కా. మీరు మేపబట్టే ఈ గడ్డి ఇట్లుండాదని మాత్రం పటంలోనే రాస్తా. నీకు చదివి వినిపించినాకే పైకి పంపిస్తా."

లేని భరోసా ఇవ్వని ఆ మాట సుంకమ్మకు నచ్చింది. మర్నాడు తెల్లవారుతుండగానే ఆమెను ఆ బండ దగ్గరికి పిల్చుకుపోయింది. ఇద్దరూ పొదచాటున బోర్లా పడుకున్నారు. బండ కింద నాలుగు తోడేలు పిల్లలు ఒక పాత చెప్పు కోసం కొట్లాడుకుంటున్నాయి.

"అయ్యో, అది మా ఆయప్పదే!" గుసగుసలాడింది సుంకమ్మ. నవ్వు ఆపుకోవడానికి ఒకరు కొంగు, ఒకరు చున్నీ నోట్లో కుక్కుకున్నారు.

"పోయినేడు వీటి తల్లి నా గొర్రెపిల్లను ఎత్తకపాయ. శానా తిట్టినా. అయినా అదీ బిడ్డలతల్లే గదా."

పది రోజులకు మధులత పంచాయతీ అరుగు మీద పటం పరిచి, మేపు గురించి రాసిన మాటతో సహా అంతా చదివింది. ఊరు ఊరంతా పటం మీద పడింది.

"నక్కల గుంత యాడ రాసినావు?"

"పాలమాను వంక మరిసిపోయినావు!"

"అట్ల గాదు, వంక ఇంకా పడమరకుండాది," అంటూ సుంకమ్మ మధ్యలో చతికిలబడి వేలితో సరిదిద్దసాగింది. చిన్న ఈరన్న కూడా వంగి, తాను చూసిన గుడ్లగూబ తావును చూపించాడు. చోటు చాలక మధులత ఇంకో కాగితం అతికించింది.